వాట్ల కంటే ముందు ఓములు

పర్చూరు చుట్టుపక్కల బండిలో పాటలంటే కారొక్కటే కాదు, ట్రాక్టరు కూడా లెక్కలోకి వస్తుంది. పత్తి బోరాలో, మిరప టిక్కీలో వేసుకుని గుంటూరు వైపు రాత్రిళ్లు నడిచే బండికి పాటే తోడు. ఇంజను హోరులో అది వినపడాలంటే చిన్న స్పీకరు చాలదు. మహాశివరాత్రికి కోటప్పకొండకు కదిలే విద్యుత్ ప్రభల వెంట జనరేటర్లను, సౌండు బాక్సులను చూస్తూ పెరిగిన కుర్రవాడికి బేస్ అంటే గుండెకు తగలాల్సిందే. అందులో తప్పు లేదు. డప్పు దెబ్బ, డోలు మోత, పాటలో కింది స్వరం ఉన్నవున్నట్టు వినాలంటే సబ్‌ఊఫర్ కావాలి. తప్పల్లా దుకాణంలో అడిగే మొదటి ప్రశ్నలోనే ఉంది: "ఎన్ని వాట్లు?"

ఆంప్లిఫయరుకూ ఊఫర్‌కూ జత కుదర్చడం వాట్లతో మొదలు కాదు. ఊఫర్ కాయిల్ ఎన్ని ఓములు, బండి ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదు అన్నవి ముందు తేలాలి. ఆ తర్వాత తీగ, ఫ్యూజు. ఆంపు వాట్లు ఆఖర్న చూసుకోవాలి. మన దగ్గర ఈ వరస పూర్తిగా తిరగబడి ఉంది. డబ్బంతా ఆంపుకీ ఊఫర్‌కీ పెట్టేసి, మిగిలిన చిల్లరతో తీగ కొంటున్నారు. కాయిళ్లు కాలడం, బ్యాటరీలు దిగిపోవడం, తీగలు కరగడం చాలావరకు ఈ తిరగబడిన వరస వల్లనే.

మొదట వాట్ల సంగతే తేల్చుకుందాం. డెక్కు మీద "50 వాట్లు × 4" అని ముద్రించి ఉంటుంది. ఇంజను నడుస్తుండగా కారులో దొరికే వోల్టేజి మామూలుగా 14.4 దాటదు. జర్మన్ శాస్త్రవేత్త ఓం 1827లో అచ్చు వేసిన సూత్రం ఒక్కటి చాలు, ఆ 50 నిజమో కాదో తెలుసుకోవడానికి. 14.4ను 14.4తో హెచ్చించి, స్పీకరు 4 ఓములకు రెట్టింపైన 8తో భాగిస్తే వచ్చేది 26 వాట్లు. ఐసీలో నష్టాలు పోను శుభ్రంగా అందేది 18 నుంచి 20. సిగ్నలును పైనా కిందా నరికేసేంత గట్టిగా తోసి కొలిచినప్పుడే ఆ 50కి దగ్గర పడుతుంది. ట్రాక్టర్లకీ ఆటోలకీ బిగించే లోకల్ ఆంపుల్లో ఏళ్ల తరబడి కనిపించిన 4440 బోర్డునే చూడండి. అందులో ఉన్న సాన్యో ఎల్ఏ4440 ఐసీకి తయారీదారు చెప్పిన శక్తి ఛానలుకు 6 వాట్లు, రెండు ఛానళ్లను బ్రిడ్జి చేస్తే 19. ఆ ఐసీ మంచిదే, ధరకు తగిన పని చేసింది. దాని డబ్బా మీద వేసిన వందల వాట్ల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అంకెకు మాత్రం అర్థం లేదు.

విడిగా కొనే సబ్‌ఊఫర్ ఆంపు వేరే జాతి. దాని లోపల 12 వోల్టులను వేగంగా స్విచ్ చేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా ప్లస్ వైపు ముప్పై, మైనస్ వైపు ముప్పై వోల్టుల దాకా, పెద్ద వాటిలో ఇంకా పైకి ఎత్తే సరఫరా ఉంటుంది. వందల వాట్లు నిజంగా ఇవ్వగలిగేది అందుకే. అక్కడ కూడా చూడాల్సింది ఎడతెగకుండా ఇవ్వగలిగే శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ అంకెనే, అది ఏ ఓముల దగ్గర అన్నదానితో కలిపి. సీఈఏ-2006 అనే అమెరికన్ ప్రమాణం ప్రకారం కొలిచిన ఆంపైతే 14.4 వోల్టుల దగ్గర, 4 ఓముల మీద, 1 శాతానికి మించని వక్రీకరణతో వచ్చిన అంకె అని నమ్మవచ్చు. ఊఫర్ల విషయంలోనూ అంతే. పయనీర్ టీఎస్-ఏ300డీ4 పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 1500 వాట్లు కనిపిస్తుంది. అది ఎడతెగకుండా మోయగలిగేది 500. ఆంపు ఎంచుకునేది ఆ 500ను బట్టే.

ఇంకొక లెక్క కూడా మనసులో పెట్టుకోవాలి. 300 వాట్ల నుంచి 600కు పోతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే శక్తి పది రెట్లు కావాలి. కాబట్టి 600 వాట్ల ఆంపు కోసం అదనంగా పెట్టే సొమ్ము చెవికి ఇచ్చేది బహు కొద్ది. అదే సొమ్ముతో పెట్టె సరిగ్గా కట్టించుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, ఆ తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ నిలబెట్టిన లెక్కలే ఈనాటికీ పెట్టెకు ఆధారం. ఊఫర్ కాగితంలో కంపెనీ ఎన్ని లీటర్లు చెప్పిందో అంత పెట్టె కట్టాలి. మూసిన పెట్టె అయితే కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది. గొట్టం పెట్టిన పెట్టెలో కొలత తప్పితే మోత తప్ప స్వరం రాదు.

ఇక ఓములు. అసలు తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

ఊఫర్‌కు ఒక కాయిల్ ఉండవచ్చు, రెండు ఉండవచ్చు. పయనీర్ మోడల్ పేరు చివర ఎస్4 అంటే 4 ఓముల కాయిల్ ఒకటి, డీ4 అంటే 4 ఓములవి రెండు, డీ2 అంటే 2 ఓములవి రెండు. 4 ఓముల కాయిళ్లు రెండున్న ఊఫర్‌ను సిరీస్‌లో కలిపితే 8 ఓములు, ప్యారలల్‌లో కలిపితే 2. మధ్యలో 4 రాదు. 2 ఓముల కాయిళ్లు రెండున్నదైతే సిరీస్‌లో 4, ప్యారలల్‌లో 1. కొనే ముందే ఈ లెక్క వేసుకోకపోతే ఇంటికొచ్చాక ఏం చేసినా కుదరదు. ఉదాహరణకు 2 ఓముల దగ్గర 500 వాట్లిచ్చే మోనో ఆంపు కొన్నారనుకోండి. దానికి డీ4 ఊఫర్ చక్కగా సరిపోతుంది, ప్యారలల్ చేస్తే 2 ఓములు. అదే ఆంపుకు డీ2 తెస్తే, ప్యారలల్ చేసినప్పుడు 1 ఓము అయి ఆంపు తనంతట తానే ఆగి ప్రొటెక్షన్‌లోకి పోతుంది, లేదా ట్రాన్సిస్టర్లు పోతాయి. సిరీస్ చేస్తే 4 ఓములు. ప్రమాదం లేదు గానీ 300 వాట్ల చుట్టుపక్కలే దక్కుతుంది. ఊఫర్లు రెండైతే మెలిక ఇంకొంచెం పెరుగుతుంది. డీ4 ఊఫర్లు రెండింటిని అన్ని కాయిళ్లూ ప్యారలల్‌లో కలిపితే 1 ఓము. ఒక్కో ఊఫర్‌లోని కాయిళ్లను సిరీస్ చేసి, ఆ రెండు ఊఫర్లను ప్యారలల్ చేస్తే 4. రెండో పద్ధతి దాదాపు అన్ని ఆంపులకూ క్షేమం.

రెండు కాయిళ్లలో ఒకటే కలిపి రెండోది వదిలేయడం కొందరి అలవాటు. ఓములు కుదిరాయని సంతోషిస్తారు గానీ ఊఫర్ మోయగల శక్తి సగానికి పడిపోతుంది, పెట్టె లెక్క కూడా మారిపోతుంది. దీనికన్నా చెడ్డది ఒక కాయిల్‌ను తిరగేసి కలపడం. రెండు కాయిళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కోను కదలదు, బేస్ రాదు. రాలేదని వాల్యూమ్ పెంచితే ఆ శక్తంతా వేడిగా మారి కాయిల్ కాలుతుంది. పరీక్ష చాలా తేలిక. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్ తీసుకుని ఒక్కో కాయిల్‌కు ప్లస్‌కు ప్లస్ తాకించాలి. రెండుసార్లూ కోను ముందుకే రావాలి. తర్వాత వైరింగంతా అయ్యాక, ఆంపుకు కలపకముందు స్పీకరు తీగల చివర మల్టీమీటరు పెట్టి చూడాలి. మీటరు చూపేది డీసీ నిరోధం కాబట్టి 4 ఓముల కాయిల్ 3.2 నుంచి 3.8 మధ్య చూపిస్తుంది, ప్యారలల్‌లో 2 ఓములైన జత అంతకు సగం. ఆ అంకె, ఆంపు వెనక రాసిన కనీస ఓములకు ఈ లెక్కన రావాల్సిన డీసీ నిరోధం కంటే కిందికి పోతే తీగ విప్పి మళ్లీ కట్టాలి. ఈ కొలత చేయకుండా ఆంపు ఆన్ చేసే మెకానిక్ ఎంత పేరున్నవాడైనా సరే, నేను బండి అప్పగించను.

రెండు, నాలుగు ఛానళ్ల ఆంపుల్ని బ్రిడ్జి చేసే చోట కూడా ఇదే పొరపాటు. బ్రిడ్జిలో ఒక్కో ఛానల్‌కు ఊఫర్ ఓముల్లో సగమే కనిపిస్తుంది. విడి ఛానలుగా 2 ఓములకు తట్టుకునే ఆంపు బ్రిడ్జిలో 4 ఓములకే నిలుస్తుంది. దానికి 2 ఓముల ఊఫర్ తగిలిస్తే అది ఒక్కో ఛానల్‌ను 1 ఓముకు దింపినట్టే.

"చిన్న ఆంపు పెడితే ఊఫర్ కాలిపోతుంది" అన్న మాట దుకాణాల్లో బాగా నడుస్తుంది. ఇది సగమే నిజం. శుభ్రంగా వాయించినంతవరకు చిన్న ఆంపు ఏ ఊఫర్‌నూ కాల్చదు. తాహతుకు మించి తోస్తే సిగ్నలు తలలు తెగి చతురస్రంలా అవుతుంది. అప్పుడు అదే ఎత్తున్న మామూలు తరంగం కంటే రెట్టింపు శక్తి కాయిల్‌లోకి పోతుంది. అందుకే ఊఫర్ ఆర్‌ఎంఎస్‌కు సమానంగానో, కొద్దిగా ఎక్కువగానో ఆంపు తీసుకుని గెయిన్ సరిగ్గా పెట్టుకోవడం మేలు. ఎవరో భయపెట్టారని మూడింతల ఆంపు కొనడం మాత్రం అనవసరం.

వాట్లూ ఓములూ కుదిరాక అసలు పరీక్ష బండిది. 500 వాట్లిచ్చే క్లాస్-డి ఆంపు పనితనం 80 శాతం అనుకుంటే 13.8 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లు లాగుతుంది. పాత తరహా క్లాస్-ఏబీ అయితే అదే పనికి 66. పాటలో బేస్ ఎడతెగకుండా మోగదు గనక సగటు వాడకం ఇందులో మూడో వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. డీజే రీమిక్సులకు ఎక్కువ పడుతుంది. చిన్న కార్ల ఆల్టర్నేటర్లు 70 నుంచి 90 ఆంపియర్ల దాకా ఇస్తాయి. అందులోంచే ఏసీ బ్లోయరు, లైట్లు, ఇంజను అవసరాలు తీరాలి. ట్రాక్టర్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ 40 ఆంపియర్ల చుట్టుపక్కలే ఉంటుంది. బ్యాటరీ పెద్దదే కావచ్చు, దాన్ని నింపేది చిన్నదని గుర్తుంచుకోవాలి. ట్రాక్టరుకు 300 వాట్లు నా దృష్టిలో హద్దు. ఇంజను ఆపి గట్టు మీద పాటలు పెట్టుకుంటే గంటా రెండు గంటల్లో స్టార్టింగు మొండికేస్తుంది. లారీల సంగతి వేరు, వాటిది 24 వోల్టుల వ్యవస్థ. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచే 12 వోల్టులు లాగితే ఆ ఒక్కటీ త్వరగా చస్తుంది, రెండోది పొంగుతుంది. 24ను 12కు దించే కన్వర్టరు పెట్టుకోవడమే దారి.

సాగర్ కుడి కాలువ చివరి భూములున్న ఈ ప్రాంతంలో తీగ సంగతి చెప్పడం సులువు. పైన తూము దగ్గర నీళ్లు నిండుగా కనిపించినా దారంతా ఇంకిపోయి చివరి చేనికి తడి అందనట్టే, బ్యాటరీ దగ్గర 13.8 ఉన్న వోల్టేజి సన్న తీగలో తగ్గి డిక్కీలోని ఆంపుకు చేరేసరికి నీరసపడుతుంది. బానెట్ నుంచి డిక్కీకి 5 మీటర్ల తీగ అనుకుందాం. ఇంట్లో ఏసీకి వాడే 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగ లాగితే 45 ఆంపియర్ల దగ్గర దాదాపు 1 వోల్టు దారిలోనే పోతుంది. అంటే 45 వాట్ల వేడి కార్పెట్ కింద, ప్లాస్టిక్ తొడుగు లోపల పుడుతోందన్నమాట. అదే 16 స్క్వేర్ ఎంఎం అయితే పోయేది పావు వోల్టు. 500 వాట్ల ఆంపుకు 16 కంటే తక్కువ తీగ వేయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఆ 16 కూడా నిజంగా రాగి కావాలి. కిట్లలో వచ్చే లావాటి, మెరిసే తీగల్లో చాలావరకు సీసీఏ, అంటే అల్యూమినియం మీద రాగి పూత. అల్యూమినియం నిరోధం రాగి కంటే 60 శాతం ఎక్కువ. తొడుగు లావుగా ఉండి లోపల పోగులు పల్చగా ఉండటం మరో మోసం. చేతిలో పెట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది, బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది. చీరాల సముద్రం దగ్గర కావడంతో ఉప్పుగాలికి ఇలాంటి తీగ చివర్లు తొందరగా పొడిబారి పాడవుతాయి. కనెక్షన్లు వదులై అక్కడ వేడి పుడుతుంది. మంచి రాగి తీగ ధర చూసి వెనక్కి తగ్గేవాళ్లకు ఒకే మాట: ఆంపు ఒక మెట్టు తగ్గించుకోండి, తీగ తగ్గించకండి.

తీగ విషయంలో డబ్బు మిగల్చాలని కెపాసిటర్ కొనేవాళ్లూ ఉన్నారు. లైట్లు మిణుకుతుంటే ఒక ఫారడ్ కెపాసిటర్ పెట్టమని సలహా ఇస్తారు. లెక్క చూడండి. 14.4 నుంచి 12 వోల్టులకు దిగేలోపు అది ఇవ్వగలిగేది 32 జౌళ్లు. 625 వాట్లు లాగే ఆంపుకు అది సెకనులో ఇరవయ్యో వంతుకు సరిపోతుంది. మిణుకు ఆగాలంటే బ్యాటరీ, ఆల్టర్నేటరు, ఎర్త్ తీగలు బాగుండాలి.

ఫ్యూజు దగ్గర మాత్రం రాజీ అన్న మాటే వద్దు. ఆంపు మీద రెండు ఫ్యూజులున్నాయి కదా, ఇంకోటెందుకని అడుగుతారు. అవి ఆంపును కాపాడతాయి. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా పోయే ఆ 5 మీటర్ల తీగను కాపాడేది బ్యాటరీ పక్కనే, 45 సెంటీమీటర్ల లోపు పెట్టే ఫ్యూజు ఒక్కటే. పత్తి, మిరప నిలవ చేసే ఊళ్లలో షెడ్లో పెట్టిన బండిలోకి ఎలుకలు దూరడం మామూలు. అవి తొడుగు కొరికితే తీగ బాడీకి తగులుతుంది. బ్యాటరీ ఆ క్షణంలో వందల ఆంపియర్లు కక్కుతుంది. ఫ్యూజు లేకపోతే ఆ తీగ ఎర్రబడి పక్కనున్న కార్పెట్‌ను అంటిస్తుంది. 16 స్క్వేర్ ఎంఎం రాగికి 60 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అది ఎగిరిపోతోందని 100ది వేయడం, వెండి కాగితం చుట్టడం ప్రాణాలతో చెలగాటం. బానెట్ ఇనుప గోడ దాటే చోట రబ్బరు గ్రోమెట్ ఉండాలి. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరున్న కార్లలో తీగలూ ఆంపూ సిలిండరు వాల్వుకు దూరంగా బిగించాలి. సిలిండరు స్టాండుకు ఎర్త్ కలపకూడదు.

ఎర్త్ తీగ ప్లస్ తీగంత లావు ఉండాలి, పొడవు మాత్రం అరమీటరు దాటకూడదు. బాడీ మీద పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు బిగించి, పైన గ్రీజు పూయాలి. సీటు బెల్టు బోల్టుకు కలిపేవాళ్లున్నారు, అది వద్దు. ఇంజను రేజ్ చేసినకొద్దీ స్పీకర్లలో "కుయ్"మని లేచే మోతకు కారణం ఎక్కువగా చెడ్డ ఎర్తే. డెక్కు నుంచి సిగ్నలు తెచ్చే ఆర్‌సీఏ తీగలు, పవర్ తీగ కారులో ఒకే వైపు పోతే కూడా మోత వస్తుంది. వాటిని చెరో వైపు నుంచి తీసుకుపోవాలి. కొత్త కార్లలో బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద సెన్సర్ ఉంటుంది. ఆంపు ఎర్త్‌ను ఆ టెర్మినల్‌కు నేరుగా కలిపితే సెన్సర్ లెక్క తప్పి బ్యాటరీ సరిగ్గా చార్జి కాదు. బాడీకే కలపాలి.

గెయిన్ నాబ్ వాల్యూమ్ కాదు. డెక్కు ఇచ్చే సిగ్నలుకూ ఆంపు తాహతుకూ సరిపెట్టే తూకం అది. దాన్ని చెవితో కాక మీటరుతో పెట్టాలి. కావలసిన వాట్లను ఓములతో హెచ్చించి వర్గమూలం తీస్తే వోల్టులు వస్తాయి. 2 ఓముల మీద 500 వాట్లకు 31.6 వోల్టులు. ఊఫర్ తీగ విప్పి, బేస్ బూస్ట్ సున్నా చేసి, డెక్కు వాల్యూమ్ మూడొంతులకు పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ మోగించి, ఆంపు చివర్లలో ఏసీ వోల్టేజి ఆ అంకెకు వచ్చేదాకా గెయిన్ తిప్పాలి. అక్కడితో ఆపి మళ్లీ ముట్టుకోకూడదు. లో-పాస్ ఫిల్టరు 80 హెర్ట్జ్ దగ్గర పెడితే ఊఫర్ తన పని తాను చేస్తుంది, పాటగాడి గొంతు డిక్కీలోంచి రాదు. గొట్టం పెట్టెకు మరీ కింది స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టరు తప్పనిసరి.

మే నెలలో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల ఇంకో 20 డిగ్రీలు పెరుగుతుంది. ఆ వేడిలో ఎక్కగానే గట్టిగా వాయిస్తే ఆంపు ప్రొటెక్షన్‌లోకి పోవడం సహజం, దానికి మెకానిక్‌ను తిట్టి లాభం లేదు. సీటు కింద ఇరికించిన ఆంపు హీట్‌సింక్ రెక్కల్లో పత్తి నూగు, మట్టి దుమ్ము చేరి గాలి ఆడదు. రెక్కలు నిలువుగా ఉండేలా, చుట్టూ నాలుగు వేళ్ల జాగా వదిలి బిగించాలి. ఏడాదికోసారి బ్లోయర్ పట్టించాలి. ఊఫర్ పెట్టె మీదే ఆంపును స్క్రూలతో బిగించడం చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ అదురుకు లోపలి సోల్డరు జాయింట్లు పగులుతాయి.

ఇంత కష్టపడి కట్టుకున్న సెట్టును ఎంత గట్టిగా వినాలన్నదీ చూసుకోవాలి. 85 డెసిబెల్స్ దగ్గర చెవి ఎనిమిది గంటలు ఓర్చుకుంటుంది. మూడేసి డెసిబెల్స్ పెరిగినకొద్దీ ఆ సమయం సగమవుతూ 100 దగ్గర పావుగంటకు దిగుతుంది. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఊళ్లోంచి పోయేటప్పుడు ఊఫర్ తగ్గించుకోవడం చట్టమే కాదు, నిద్రపోతున్న పసిబిడ్డలున్న ఇంటికి మర్యాద కూడా.

సెట్టు బిగించేది పర్చూరులోనైనా, గుంటూరులోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా బిల్లు మీద మూడు అంకెలు రాయించుకోండి. ఆంపు ఎన్ని ఓముల దగ్గర ఎన్ని ఆర్‌ఎంఎస్ వాట్లు, తీగ ఎన్ని స్క్వేర్ ఎంఎం రాగి, బ్యాటరీ పక్కన ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు. ఇప్పటికే సెట్టున్నవాళ్లు రేపు పొద్దున బానెట్ ఎత్తి ఆ ఫ్యూజు ఉందో లేదో చూడండి. లేకపోతే, అది వేయించేదాకా ఆ ప్లస్ తీగను బ్యాటరీ నుంచి విప్పి ఉంచండి.